ఉప్పునీటిలో నిద్రలేచే ప్రాణి

బాలలారా! వరిగింజలను గాదెలో దాచి, మళ్ళీ తొలకరికి నారుమడిలో చల్లితే మొలకెత్తుతాయని మీకు తెలుసు. గాదెలో ఉన్నన్నాళ్ళూ గింజ కదలదు, పెరగదు, నీళ్ళు కావాలని అడగదు. అయినా దానిలో ప్రాణం ఉన్నది. మరి, ఒక జంతువును అదే విధంగా డబ్బాలో పోసి, మూతపెట్టి, అటకమీద దాచి, కావలసినప్పుడు తీసి నీళ్ళలో వేస్తే లేచి ఈదుతుందని ఎవరైనా అంటే మీరు నమ్ముతారా? "కథలు చెప్పకండి మాస్టారూ!" అంటారు. ఇది కథ కాదు. అటువంటి జంతువు ఉన్నది. దాని పేరు ఆర్టీమియా. రొయ్యలకు దూరపు చుట్టం. సముద్రంకంటె ఉప్పగా ఉండే సరస్సులలోనూ, ఉప్పుమళ్ళలోనూ నివసిస్తుంది.

దాని గ్రుడ్లు చూడటానికి గోధుమరంగు పొడిలాగా ఉంటాయి. చిటికెడు తీసి అరచేతిలో వేసుకుంటే, ఇదేదో తాతగారి నస్యం కాబోలు అనుకుంటారు. ఒక్కొక్క గ్రుడ్డు అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు నాలుగోవంతు. ఒక్క గ్రాము పొడిలో రెండు మూడు లక్షల గ్రుడ్లు ఉంటాయి.

ఈ పొడి పిల్లల చేతికి ఎట్లా వచ్చిందో ముందు చెబుతాను. అమెరికాలో హెరాల్డ్ వాన్ బ్రౌన్‌హట్ అనే ఆయన ఉండేవాడు. పిల్లలకు వింతవస్తువులను టపాలో పంపి అమ్మటం ఆయన వ్యాపారం. ఆయన ఎంత గడసరి అంటే, "కనిపించని బంగారుచేప" అని పేరుపెట్టి, ఒక ఖాళీ గాజుపాత్రనూ చేపల మేతనూ అమ్మాడు! చేప ఎన్నటికీ కనిపించదని హామీ కూడా ఇచ్చాడు. 1956లో అక్కడ ప్లాస్టిక్ పలకల మధ్య చీమలను పెంచే పెట్టెలు వచ్చి, పిల్లలకు బాగా నచ్చాయి. అది చూచిన బ్రౌన్‌హట్ తానూ అటువంటి దేదైనా అమ్మాలనుకున్నాడు. 1957లో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో చేపలకు మేతగా వాడే ఆర్టీమియా ఆయన కంటబడింది.

ఆంథొనీ డి అగోస్టినో అనే సముద్రజీవ శాస్త్రజ్ఞుడు ఆయనకు తోడ్పడ్డాడు. 1960లో బ్రౌన్‌హట్ ఈ గ్రుడ్ల పొట్లాలను "తక్షణ జీవం" అనే అర్థం వచ్చే పేరుతో 49 సెంట్లకు అమ్మసాగాడు. కొన్నేళ్ళకు పేరు మార్చి "సీ మంకీస్" అన్నాడు. అంటే సముద్రపు కోతులు. వాటి పొడుగాటి తోకలు కోతితోకలలాగా ఉన్నాయట! బొమ్మల కథల పుస్తకాలలో ప్రకటనలు వేయించాడు. ఆ బొమ్మలు గీసినవాడు జో ఓర్లాండో అనే చిత్రకారుడు. గులాబీరంగు ఒళ్ళు, నెత్తిన కిరీటంలాంటి కొమ్ములు, మనుషులలాగా నవ్వే ముఖాలు, అమ్మా నాన్నా పిల్లలూ, వెనుక ఒక కోట! ఇవి ఆర్టీమియా అసలు రూపాలు కావని ప్రకటనలో చిన్న అక్షరాలతో వ్రాశారు గాని, పిల్లలు చిన్న అక్షరాలు చదువుతారా?

పొట్లాలలో కూడా ఒక గమ్మత్తు ఉన్నది. మొదటి పొట్లంమీద "నీటిని శుభ్రంచేసే పొడి" అని వ్రాసి ఉండేది. దానిని నీళ్ళలో కలిపి ఒక రోజు ఆగాలి. తరువాత గ్రుడ్ల పొట్లం అని వ్రాసిన రెండవదానిని వేయాలి. వేసీ వేయగానే నీళ్ళలో ప్రాణులు గిలగిల కదలుతూ కనిపిస్తాయి. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. అసలు సంగతి ఏమంటే, మొదటి పొట్లంలోనే గ్రుడ్లు ఉండేవి! అవి ఆ ఒక్క రోజులో పొదిగేవి. రెండవ పొట్లంలో ఉండే రంగువల్ల అవి కంటికి బాగా కనిపించేవి. గారడీవాడు బుట్టకింద పావురాన్ని ముందే దాచిపెట్టినట్టన్నమాట.

కిరీటాల కుటుంబంకోసం ఎదురుచూచిన పిల్లలకు సీసాలో తెల్లని నలుసులు కనిపిస్తే చిన్నబుచ్చుకోరా మరి? కాని అంతమాత్రాన సీసాను పారబోయక, దానిని వెలుతురుకు పట్టి చూచినవాళ్ళకు ఆ బొమ్మలలోకంటె గొప్ప వింతలు కనిపించాయి. అట్లా చూచిన పిల్లలు పెద్దవాళ్ళయి, తమ పిల్లలకూ అవే పొట్లాలు కొనిపెట్టారు. వాళ్ళు చూచిన వింతలేమిటో మనమూ చూద్దాం.

అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి ఒకే కన్ను. అది నుదుటి మధ్య ఎర్రని చుక్కలాగా ఉంటుంది. పెరిగినకొద్దీ పాత పెంకును విడుస్తూ క్రొత్త పెంకు తొడుక్కుంటుంది. కాడల చివర రెండు క్రొత్త కళ్ళు వస్తాయి. పాత కన్ను పోదు. అంటే పెద్దదానికి మూడు కళ్ళు! రెండు మూడు వారాలలో అది పూర్తిగా ఎదిగి, ఒక సెంటీమీటరు వరకు పెరుగుతుంది. అప్పటికి దానికి పదకొండు జతల కాళ్ళుంటాయి. అవి పక్షి ఈకలలాగా మెత్తగా ఉండి, గాలికి వరిచేను ఊగినట్టు వరుసగా ఊగుతాయి. ఆ కాళ్ళతోనే ఈదుతుంది, మేతను నోటికి తెచ్చుకుంటుంది, ఊపిరి పీల్చుకుంటుంది. పైగా వెల్లకిల పడుకుని, కాళ్ళు పైకిపెట్టి ఈదుతుంది.

అన్నిటికంటె పెద్ద వింత దాని నిద్ర. సరస్సు ఎండిపోతున్నప్పుడు నీళ్ళలో ఉప్పు ఎక్కువవుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. మంచిరోజులలో నేరుగా పిల్లలను కనే తల్లి, అటువంటి గడ్డురోజులలో గట్టి పెంకుగల గ్రుడ్లను పెడుతుంది. ఒక్కొక్క గ్రుడ్డులో సుమారు 4,000 కణాలుగల పిండం ఉంటుంది. అది అంతవరకూ పెరిగి, అక్కడ ఆగిపోతుంది. ఒంట్లోని నీళ్ళు దాదాపు అన్నీ పోతాయి. మామూలు ప్రాణి అయితే అంతటితో సరి. ఆర్టీమియా పిండం మాత్రం చావదు.

ఎందుచేత? ఆ పిండంలో ట్రెహలోజ్ అనే ఒకరకం చక్కెర ఉన్నది. మీ అమ్మ వేరుశనగపప్పును బెల్లంపాకంలో వేసి అచ్చుపోయటం చూచారు గదా? పాకం గట్టిపడేసరికి ఏ పప్పు ఎక్కడ ఉన్నదో అక్కడే నిలిచిపోతుంది. ఒకదానినొకటి రాచుకోదు, నలగదు. నీళ్ళు పోయిన పిండంలో ఈ చక్కెర చేసే పని ఇంచుమించు అదే. కణంలోని సున్నితమైన భాగాలను చెదరకుండా పట్టి ఉంచుతుంది. మళ్ళీ నీళ్ళు తగలగానే ఈ "పాకం" కరిగి, ఆగిన పని ఆగినచోటినుంచే సాగుతుంది.

ఇటువంటి నిద్రను మొట్టమొదట చూచినవాడు హాలెండు దేశంలో బట్టల వ్యాపారి అయిన లీవెన్‌హుక్. ఆయన స్వయంగా నూరిన కటకాలతో సూక్ష్మదర్శినులు చేసుకునేవాడు. 1702లో ఆయన ఇంటి చూరుకాలువలో ఎండిపోయిన దుమ్మును తీసి, నీళ్ళలో కలిపి చూచాడు. గంట తిరిగేసరికి అందులో చిన్నచిన్న ప్రాణులు ఈదసాగాయి! అవి వేరే జాతివి, ఆర్టీమియాలు కావు. కాని నిద్ర అదే. 1959లో డేవిడ్ కీలిన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ స్థితికి క్రిప్టోబయోసిస్ అని పేరు పెట్టాడు. గుప్తజీవనం అని దాని అర్థం.

ఈ నిద్ర ఎంత గట్టిదో పరీక్షించటానికి శాస్త్రజ్ఞులు ఆర్టీమియా గ్రుడ్లను రోదసికి కూడా పంపారు. 1972లో అపోలో 16 వ్యోమనౌకలో అవి చంద్రుని దగ్గరదాకా వెళ్ళివచ్చాయి. విశ్వకిరణాల కణాలు సూటిగా తగిలిన గ్రుడ్లలో చాలావాటికి హాని జరిగింది. అంటే ఈ నిద్రకూ ఒక హద్దు ఉన్నదన్నమాట. 1998 అక్టోబరులో జాన్ గ్లెన్ అనే వ్యోమగామి డిస్కవరీ నౌకలో తొమ్మిది రోజులు రోదసిలో ఉన్నప్పుడు ఈ సీ మంకీల గ్రుడ్లు కూడా వెంట వెళ్ళాయి. ఆయన 1962లో భూమిని చుట్టివచ్చిన మొదటి అమెరికన్. రెండోసారి వెళ్ళేనాటికి ఆయనకు 77 ఏళ్ళు! తిరిగివచ్చిన ఎనిమిది వారాలకు ఆ గ్రుడ్లను నీళ్ళలో వేస్తే, అవి మామూలుగానే పొదిగాయి.

"ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు?" అంటారేమో! మన దేశంలో తూత్తుకుడి ఉప్పుమళ్ళలోనూ, రాజస్థాన్‌లోని డీడ్వానా సరస్సులోనూ ఆర్టీమియాలు ఉన్నాయి. అంతకంటె దగ్గరి సంబంధం ఇంకొకటి ఉన్నది. దేశంలో రొయ్యలను అన్నిటికంటె ఎక్కువగా పెంచేది ఆంధ్రప్రదేశ్. రొయ్యల చెరువులలో వదిలే పిల్లలను సముద్రపు ఒడ్డున ఉండే హేచరీలలో పొదిగిస్తారు. విశాఖపట్నం, కాకినాడ, ఒంగోలు, నెల్లూరు వైపు తీరం వెంబడి ఇటువంటివి చాలా ఉన్నాయి. ఆ చంటి రొయ్యలకు కదలాడే మేత కావాలి. ఆ మేత ఏమిటనుకున్నారు? అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలే! కనుక మన పళ్ళెంలోకి వచ్చే రొయ్య, చిన్నతనంలో ఈ "సముద్రపు కోతుల"ను తిని పెరిగిందన్నమాట.

హేచరీలకు ఈ గ్రుడ్లు గాలి చొరబడని డబ్బాలలో వస్తాయి. అర కిలోకు కొంచెం తక్కువ తూగే ఒక డబ్బాలో సుమారు పది కోట్ల గ్రుడ్లు ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలలోని జనమంతా కలిసి సుమారు 8 కోట్ల 46 లక్షలు. అంతకంటె ఎక్కువ ప్రాణులు ఒక్క డబ్బాలో నిద్రపోతున్నాయి! వీటిలో చాలాభాగం అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు నుంచి వస్తాయి. శరత్కాలంలో అక్కడ గ్రుడ్లు నీటిమీద గోధుమరంగు చారలుగా తేలుతాయి. పడవలలో వెళ్ళి, తేలే కంచెలతో చుట్టుముట్టి, వాటిని తోడుకుంటారు. లక్షలాది పక్షులు కూడా ఆ సరస్సులోని ఆర్టీమియాలను తిని, బలం పుంజుకుని వలసపోతాయి. 2022లో ఆ సరస్సు నీటిమట్టం అంతకు ముందెన్నడూ లేనంతగా పడిపోయింది. ఉప్పు పెరిగి, ఆర్టీమియాలకే ఆపద వస్తుందని అక్కడివారు భయపడ్డారు. ఎక్కడో ఒక సరస్సు ఎండితే, ఇక్కడ మన రొయ్యల రైతు కూడా దిగులుపడవలసి వస్తుంది. లోకం అట్లా ముడిపడి ఉన్నది.

తొంభయ్యోపడిలో నేను సముద్రతీరపు పల్లెలో పాఠం చెప్పేటప్పుడు, హేచరీలో పనిచేసే ఒక తండ్రి, డబ్బా అడుగున మిగిలిన పొడిని చిన్న పొట్లం కట్టి కొడుకుచేత పంపాడు. ఏడవ తరగతి పిల్లలు గాజుజాడీలో ఉప్పునీళ్ళు పోసి, ఆ పొడి వేసి, కిటికీలో పెట్టారు. మరునాటికి నీళ్ళనిండా ప్రాణం! తరగతి తరగతంతా విరగబడి చూచింది. పిల్లలకు వాటిమీద ప్రేమ పొంగిపోయింది. ఆ ప్రేమతో, ఒకరికి తెలియకుండా ఒకరు, చిటికెడు చిటికెడు మేత వేశారు. రెండు రోజులకు నీళ్ళు పాలలాగా తెల్లబడి, కంపుకొట్టి, ఒక్కటీ మిగలలేదు.

అప్పుడు వెనుకబెంచీ మీది అమ్మాయి లేచి, "మాస్టారూ! ఇవి డబ్బాలో ఎన్నాళ్ళో బ్రతికి ఉన్నాయి. మనం లేపిన తరువాతే చచ్చిపోయాయా?" అని అడిగింది.

తరగతిలో చప్పుడు లేదు. ఉపాధ్యాయుడుగా నేను విన్న ప్రశ్నలలో అంతకంటె పెద్ద ప్రశ్న లేదు. "అవునమ్మా! నిద్రపోయే ప్రాణికి మన అవసరం లేదు. లేచినదానికి ఉన్నది" అన్నాను. ఆ పిల్లలు మళ్ళీ జాడీ కడిగారు. ఈసారి మేత వేసే వంతు రోజుకొకరిదని గోడమీద పట్టీ వ్రాసుకున్నారు. ఆ రెండవ జాడీలోని ఆర్టీమియాలు రెండు నెలలు బ్రతికి, పిల్లలను కన్నాయి. ఆ అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదేళ్ళ కొడుకు. మొన్న సెలవులలో వాడికోసం జాడీ పెట్టిందట. "మాస్టారూ! మేత పట్టీ ముందు వ్రాయించి, ఆ తరువాతే గ్రుడ్లు వేయనిచ్చాను" అని చెప్పింది.

మీరూ చేయాలనుకుంటే, పద్ధతి చెబుతాను. ఆర్టీమియా గ్రుడ్లు అక్వేరియం చేపల దుకాణాలలో దొరుకుతాయి. కుళాయినీళ్ళు అయితే ఒక రోజు మూతలేకుండా ఉంచి వాడండి. లీటరు నీటిలో 30 గ్రాముల రాళ్ళ ఉప్పు కరిగించండి. అయొడిన్ కలపని ఉప్పు మంచిది. మూతి వెడల్పుగా ఉన్న జాడీలో పోసి, చిటికెడులో నాలుగోవంతు గ్రుడ్లు చల్లండి. అంతకు మించి వద్దు. వెలుతురు తగిలేచోట పెట్టండి గాని, మండుటెండలో పెట్టవద్దు. మన ఊళ్ళ వెచ్చదనానికి ఒకటి రెండు రోజులలో పొదుగుతాయి. ఖాళీ పెంకులు పైన తేలుతాయి. పిల్లలు వెలుతురువైపు గుంపుకడతాయి.

మొదటి రోజు మేత అక్కరలేదు. వాటి కడుపులో తల్లి ఇచ్చిన పచ్చసొన ఉంటుంది. తరువాత సూదిమొనకు అంటేటంత ఈస్టు పొడిగాని, స్పైరులినా పొడిగాని నీళ్ళలో కలిపి ఒక చుక్క వేయండి. నీళ్ళు తేటపడితేనే మళ్ళీ వేయండి. మసకగా ఉంటే ఆగండి. నీళ్ళు ఆవిరై తగ్గితే మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయరాదు. ఎందుకో మీరే ఆలోచించండి. జాడీలోని నీళ్ళను బావులలోగాని, చెరువులలోగాని ఎన్నడూ పారబోయకండి.

ఇక మీ తల్లిదండ్రులకు ఒక మాట. తొలకరి వానకు నేలలోనుంచి ఎర్రని మఖమల్ గుడ్డముక్కలాగా బయటికి వచ్చే ఆరుద్ర పురుగును మీరు అగ్గిపెట్టెలో దాచుకున్నవారే. దానికి కిరీటం ఉన్నదని ఎవరూ చెప్పలేదు. ఎనిమిది కాళ్ళూ, మెత్తని ఒళ్ళూ చాలాయి, మీరు బడికి ఆలస్యంగా పోవటానికి! మీ పిల్లలకు కూడా అంతే చాలు. లేనిది ఉన్నదని ఆశపెడితే, ఉన్నదానిని చూడటం మానేస్తారు. వాళ్ళకు చిన్న భూతద్దం ఒకటి కొనిపెట్టి, ప్రక్కన కూర్చుని మీరూ చూడండి. వాళ్ళు ప్రశ్న అడగగానే సమాధానం చెప్పేయకండి. "చూద్దాం పట్టు" అనండి. ఆ మాటలో సగం చదువు ఉన్నది.

బాలలారా, మీకు ఒక పని పెడుతున్నాను. మీ జాడీలో ఆర్టీమియాలు బాగా పెరిగాక, ఒక రాత్రి గదిలో దీపాలార్పండి. అవి పగలు కాళ్ళు పైకిపెట్టి ఈదుతాయని చెప్పాను గదా? ఇప్పుడు జాడీని అంచున పెట్టి, అడుగునుంచి టార్చి వెలుతురు పడేటట్టు చేయండి. అప్పుడు వాటి కాళ్ళు ఎటువైపు ఉన్నాయో చూడండి. ఏమి జరుగుతుందో నేను చెప్పను. చూచి, మీ నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాసుకోండి.